పుట్టుమచ్చకు కోతా, లేజరా?

మా పిన్నికి నడినెత్తిన శనగగింజంత ఉబ్బు మచ్చ. కొండమీద తలనీలాలు ఇచ్చే ప్రతిసారీ "ఇక్కడ చూసుకో నాయనా" అని వేలు పెట్టి చూపించేది. చివరికి తిరుపతిలో స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్లాం.

లేజర్ అయితే మచ్చను పైనుంచి పొరలు పొరలుగా కాల్చేస్తారు. కుట్లుండవు, నిమిషాల్లో పనైపోతుంది. చెక్కు దానంతట అది ఊడేదాకా గిల్లకూడదు, అంతే. కానీ లోపల కణాలు మిగిలితే మచ్చ మళ్లీ రావచ్చు. అసలు చిక్కు అది కాదు, కాల్చేశాక పరీక్షకు పంపడానికి ముక్కే మిగలదు.

కోతలో మత్తు సూది వేసి, మచ్చను లోపలి దాకా తీసి కుట్లేస్తారు. ముఖమైతే దాదాపు వారంలో, వీపైతే రెండు వారాలకు కుట్లు విప్పుతారు. సన్నటి గీత మిగులుతుంది. తీసిన ముక్కను బయాప్సీకి, అంటే క్యాన్సర్ లాంటిదేమైనా ఉందేమో చూసే పరీక్షకు, పంపొచ్చు. మచ్చ ఈమధ్య పెరిగినా, రంగు మారినా, అంచులు వంకరపోయినా, 6 మిల్లీమీటర్లు దాటినా, నెత్తురు కారినా లేజర్ జోలికి పోవద్దు, ముందు డాక్టరుకు చూపించండి. సున్నం, యాసిడ్ పూయడం అసలే వద్దు.

గాయం మానాక ఉబ్బి గట్టిపడే ఒళ్లయితే ముందే చెప్పాలి. ఆ బెడద రెండింటిలోనూ ఉంది. మన ఎండలకు సన్‌స్క్రీన్ కూడా తప్పదు.

పిన్ని కోతే చేయించుకుంది. మామూలు మచ్చేనని రిపోర్టు వచ్చింది. ఇప్పుడు టెన్షన్ వాళ్లమ్మాయిది: చెంప మీది మచ్చ తీయించుకోవాలని ఉంది, టెన్త్ సర్టిఫికెట్‌లో గుర్తుగా రాసింది మాత్రం దాన్నే!