నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో కొన్న ఉత్త అల్యూమినియం కేక్ టిన్, ఆరు నెలలు వాడాక

ఆన్‌లైన్‌లో 650 రూపాయలు పోసి తెప్పించిన నాన్‌స్టిక్ టిన్ నాలుగో కేకుకే చేతులెత్తేసింది. చుట్టూ బాగానే వదిలింది, అడుగున మాత్రం అరచేయంత ముక్క అట్టానే పట్టుకుపోయింది, అదీ మా పాప పుట్టినరోజు సాయంత్రం, పిల్లలు రావడానికి గంట ముందు. గుంటలో క్రీమ్ నింపి కోయించాం గానీ నాకు మనసు కుదుటపడలేదు. కడిగి చూస్తే ఒకచోట నల్లపూత పొరలా లేచి ఉంది. అది తిండిలోకి పోతే ఎట్టా అని ఆ రోజే తీసి పారేశాను.

మరుసటి వారం స్టోన్‌హౌస్‌పేటలో ఒక గిన్నెల అంగడికి వెళ్తే, పూత లేని అల్యూమినియం టిన్ చేతికిచ్చాడు. "ఇది అంటుకోదా అన్నా?" అంటే "బేకరీ వాళ్ళు ఇవే తీసుకుపోతారక్కా, అడుగున కాగితం వెయ్యి, చాలు" అన్నాడు. 7 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల లోతు, 190 రూపాయలు. ఈ ఆరు నెలల్లో 20కి పైగా కేకులు చేశాను, అంటుకుంది ఒక్కటే, ఆ తప్పు కూడా టిన్‌ది కాదు, కాగితానిది.

ఆ కాగితం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. అంగట్లో "బటర్ పేపర్" అని అడిగితే రెండు రకాలు అదే పేరుతో ఇస్తారు. ఒకటి మైనం పూసింది, గోటితో గీకితే తెల్లగా గోట్లోకి వస్తుంది. ఓవెన్ వేడికి ఆ మైనం కరిగి, కాగితం కేకుకే అతుక్కుంటుంది, నాకు జరిగింది అదే. రెండోది సిలికాన్ పూత ఉన్న బేకింగ్ పార్చ్‌మెంట్, ఎంత వేడికి తట్టుకుంటుందో డబ్బా మీదే రాసి ఉంటుంది. అది చూసి కొనండి, ధర కొంచెం ఎక్కువైనా సరే.

టిన్‌కు నేను వెన్న రాయను, నెయ్యి రాస్తాను. వెన్నలో నీళ్ళు, పాల పదార్థం ఉంటాయి, ఆ పాల పదార్థమే మాడి గోడకు పట్టేస్తుంది. నెయ్యి కరిగించకుండా పేరుకున్నదే వేలితో తీసుకుని, అడుగూ గోడా కలిసే మూల వెంబడి చుట్టూ తిప్పుతాను, ముందు పట్టుకునేది అక్కడే కాబట్టి. తర్వాత కాగితం పరిచి, ఒక చెంచా మైదా చల్లి, టిన్ బోర్లించి తట్టి మిగిలింది రాల్చేస్తాను. చాక్లెట్ కేకైతే మైదా బదులు కోకో పొడి, లేకపోతే పక్కల తెల్ల మచ్చలు కనిపిస్తాయి. షిఫాన్ కేకుకు (గుడ్డు తెల్లసొన నురగతో పొంగే మెత్తటి కేకు) మాత్రం ఏమీ రాయొద్దు, అది గోడను పట్టుకునే పైకి లేస్తుంది.

ఓవెన్ నుంచి తీశాక 10 నిమిషాలు ఆగండి. వేడిగా బోర్లిస్తే విరుగుతుంది, పూర్తిగా చల్లారేదాకా వదిలేస్తే లోపలి ఆవిరి నీరై అడుగు తడిసి మళ్ళీ పట్టుకుంటుంది. 10 నిమిషాలకు అంచు గోడను వదిలి సన్నని సందు కనిపిస్తుంది, అప్పుడు పళ్ళెం మూతపెట్టి తిప్పితే ఒక్కసారిగా బరువంతా పళ్ళెంలోకి దిగినట్టు చేతికి తెలుస్తుంది. కాగితం మెల్లగా లాగితే అడుగు ఎక్కడా చిరగకుండా వస్తుంది, ఆ క్షణం నాకు చాలా ఇష్టం.

లోపాలూ ఉన్నాయి. పై అంచు సరిగ్గా మడవలేదు, తోమేటప్పుడు వేలికి గీసుకుంది. ఘాటు పౌడర్‌తో తోమితే నల్లబడుతుంది, నేను మెత్తటి స్పాంజితో సబ్బు నీళ్ళు వాడుతున్నాను. పైనాపిల్ ముక్కలు అడుగున పరిచే కేకు దీంట్లో చేయను, ఆ పులుపు అల్యూమినియానికి పడదు.

5కి 4 ఇస్తాను. మొన్న 6 అంగుళాలది తెచ్చుకుందామని వెళ్తే అయిపోయింది, మళ్ళీ తెప్పిస్తానన్నాడు. క్రిస్మస్ కేకులకు కావాలనుకునేవాళ్ళు సైజు చెప్పి ముందే పెట్టించుకోండి.