లెడ్జర్లు కుట్టే షాపులో బొమ్మల పుస్తకం

పుస్తకం ఎట్లా కుడితే ఎన్నాళ్లు ఆగుతుందో రైస్ మిల్లు గుమాస్తాకు తెలిసినంతగా బొమ్మలు వేసేవాళ్లకు తెలియదేమో అనిపిస్తుంది, మిల్లు గుమాస్తానైన నాకు. లెడ్జర్‌ను రోజులో ఎన్నిసార్లు తెరుస్తామో లెక్కలేదు. అయినా ఏడాది గడిచేదాకా వీపు విరగకూడదు, కాగితం ఊడకూడదు, బల్ల మీద పెడితే చెయ్యి అడ్డం పెట్టకుండానే తెరుచుకొని పడుండాలి. రోజూ బొమ్మ వేసి నాలుగు మాటలు రాసుకునే ఆర్ట్ జర్నల్‌కు కావలసింది కూడా ఇంతే. అందమైన అట్టలు చూసి కొన్న పుస్తకాలతో విసిగిపోయి, మా మిర్యాలగూడలో మిల్లులకు లెడ్జర్లు కుట్టే ఒక చాచా దగ్గరికి పోయాను. ఆయన కుట్టిన మొదటి పుస్తకం నిండిపోయింది, రెండోది సగంలో ఉంది. నా మటుకు ఇక వేరే పుస్తకం కొనను. అట్లాగని ఫిర్యాదులు లేవని కాదు, అవీ చెప్తాను.

ముందు నా పద్ధతి చెప్తే ఈ రివ్యూ మీకు పనికొస్తుందో లేదో తేలుతుంది. రాత్రి అన్నం తిన్నాక ఒక పేజీ. కుడి పక్క బొమ్మ, ఎడమ పక్క నాలుగైదు వాక్యాలు, పైన తారీఖు. చిట్టాలో రోజు దాటిపోతే మనసొప్పనట్టే ఇక్కడా ఖాళీ వదలబుద్ధి కాదు. యాసంగి వడ్లు దిగే ఏప్రిల్, మే నెలల్లో మిల్లు గేటు ముందు లారీలు బారులు తీరి ఉంటాయి, ఇంటికొచ్చేసరికి ఒళ్లు హూనం. ఆ రోజుల్లో బొమ్మ అగ్గిపెట్టెంతే: తేమ చూసే మీటరు, హమాలీ భుజం మీద టవలు, టీ గ్లాసు. తేమ 17 శాతం దాటిందని వెనక్కి పంపిన ఒక లోడు మీద కప్పిన టార్పాలిన్‌ను కూడా వేశాను, రైతు ముఖం వెయ్యలేకపోయాను. చూసి వేసింది ఎంత చిన్నదైనా పేజీ నిండినట్టే నాకు.

ఇట్లా వాడేవాళ్లకు స్పైరల్ పుస్తకం పనికిరాదు. రెండు పేజీల మీదుగా బొమ్మ వేద్దామంటే మధ్యలో రింగుల బొక్కలు వస్తాయి. పేజీలు ఒకదానికొకటి రాసుకొని పెన్సిల్ అంతా అలుక్కుపోతుంది. ఆన్‌లైన్‌లో తెప్పించిన గట్టి అట్ట జర్నల్ ఇంకో రకం. చూడ్డానికి బ్రహ్మాండం, ఎలాస్టిక్, రిబ్బను, వెనక జేబు అన్నీ ఉన్నాయి. కుట్టు లేదు, వీపుకు ఉత్త జిగురు. గట్టిగా తెరిస్తే టప్పుమని విరిగింది, నెల తిరక్కముందే నడుమ పేజీలు చేతికొచ్చాయి. ఆ కంపెనీ పేరు చెప్పను గానీ, మీరు ఏది కొన్నా పైనుంచి వీపు వైపు చూడండి. మడతపెట్టిన కట్టలు విడివిడిగా కనిపిస్తే అది కుట్టు పుస్తకం. కాగితాలన్నీ కత్తిరించి ఒకే దిమ్మగా అంటిస్తే ఆశ పెట్టుకోకండి.

ఇక కాగితం. చాచా దగ్గర ఉండేది లెడ్జర్ కాగితం. ఇంకు పాకకుండా గట్టిగా తయారుచేస్తారు దాన్ని, పెన్నుతో గీసేవాళ్లకు అదే చాలు. నీళ్ల రంగులు వేస్తే మాత్రం అలలు అలలుగా లేస్తుంది. మా ఊళ్లో స్టేషనరీ షాపుల్లో కార్ట్రిడ్జ్ షీటు, ఐవరీ షీటు, చార్టు దొరికాయి గానీ రంగులకు తగినది నాకు దొరకలేదు. హైదరాబాద్ నుంచి 300 జీఎస్ఎం షీట్లు తెచ్చుకున్నాను. జీఎస్ఎం అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క. మామూలు నోటుబుక్కు 60, 70 దగ్గర ఉంటుంది. పూర్తిగా పత్తితో చేసిన కాగితమైతే రంగు నింపాదిగా పీల్చుకుంటుంది, తడిపి తుడిచినా పైపొర లేవదు. కానీ ఆ ధర పెట్టి తెచ్చిన కాగితం ముందు కూర్చుంటే టీ గ్లాసు వెయ్యబుద్ధి కాదు, ఏదో గొప్ప బొమ్మే వెయ్యాలనిపిస్తుంది, ఆ రోజు పేజీ ఖాళీగా పోతుంది. అందుకని నాలుగో వంతు పత్తి, మిగతా చెక్క గుజ్జు ఉన్న రకంతో సరిపెట్టుకున్నాను. రోజువారీకి ఇది చాలు.

షీటు 30 అంగుళాల పొడవు, 22 అంగుళాల వెడల్పు. పొడుగు వైపు నాలుగు, వెడల్పు వైపు రెండు చేస్తే ఎనిమిది ముక్కలు. ఒక్కో ముక్కను మడిస్తే పేజీ ఐదున్నర అంగుళాల వెడల్పు, ఏడున్నర అంగుళాల ఎత్తు వస్తుంది. మూడు షీట్లకు 96 పేజీలు. జేబులో పట్టదు, స్కూటర్ డిక్కీలో టిఫిన్ బాక్సు పక్కన మాత్రం బాగా పడుతుంది.

చాచా ముక్కలు కొయ్యడానికి ముందే షీటును రెండు చేతుల్లోకి తీసుకొని అటు వంచాడు, ఇటు వంచాడు. మిషన్ మీద తయారైన కాగితంలో నార ఎక్కువగా ఒకే దిక్కుకు పరుచుకొని ఉంటుంది. తేలిగ్గా వంగిన వైపే నార వాటం. ఆ వాటాన మడిస్తే గీత చక్కగా పడుతుంది. అడ్డంగా మడిస్తే మడత దగ్గర పగుళ్లు, పుస్తకం ఎప్పుడూ సగం తెరుచుకునే ఉంటుంది. నా షీట్లలో నార పొడుగు వైపే ఉంది కాబట్టి నేననుకున్న కోత సరిపోయింది. వాటం కలవకపోతే కొలతలు మార్చుకోమని ముందే చెప్పేవాడు, కోసేశాక చెప్పే రకం కాదు.

"సార్, గీ కాయితం దొడ్డుగున్నది. లెడ్జర్ లెక్క ఎనిమిదెనిమిది ఒక్కకాడ పెడితే మడత ఆగదు. మూడు మూడు పెట్టి కుడ్త" అన్నాడు. అట్లా ఎనిమిది కట్టలయ్యాయి. లెడ్జర్లకైతే వీపు మీద రంపంతో గాట్లు పెట్టి తొందరగా కుట్టేస్తాడు. నా పుస్తకం బల్ల మీద పూర్తిగా తెరుచుకోవాలని అడిగినందుకు గాట్లు మానేసి, అడ్డంగా మూడు గుడ్డ పట్టీలు పెట్టి వాటి మీదుగా కుట్టాడు. దారాన్ని మైనం ముద్ద మీద సర్రున లాగుతాడు, రెండుసార్లు. కుట్టయ్యాక వీపుకు గాజుగుడ్డ, దాని మీద మైదా లై. లైలో చిటికెడు మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కలుపుతాడు, పురుగు పట్టకుండా. తర్వాత ఇనుప ప్రెస్సులో బిగించి ఒక రాత్రంతా వదిలేశాడు. ఎర్ర కాలికో గుడ్డ వీపు, నల్ల రెగ్జిన్ అట్ట, అచ్చం మా మిల్లు లెడ్జరే. అలవాటు చొప్పున ముందు 'లెడ్జర్' అని చీటీ కూడా అంటించి ఇచ్చాడు. తీసెయ్యలేదు. మిల్లులో ఎవరూ తెరిచి చూడరని అదొక లాభం. చూసిన ఒక్క హమాలీ మాత్రం "గది నా టవలే" అని గుర్తుపట్టాడు.

ఈ కుట్టు విలువ వాడపల్లిలో తెలిసింది. మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోట, అగస్త్యేశ్వరుడి గుడి ఉన్న ఊరు. ఒడ్డున కూర్చొని రెండు పేజీల మీదుగా వేశాను. మూసీ ఎడమ పేజీలో, కృష్ణ కుడి పేజీలో, రెండూ కలిసేది సరిగ్గా కుట్టు మీద. పుస్తకం ఒళ్లో పలకలా పరుచుకొని ఉంది, బ్రష్ ఆ చివర నుంచి ఈ చివరకు ఎక్కడా ఎగరకుండా పోయింది. మైనం దారానికి రంగు అంటలేదు కూడా. కాకపోతే నీళ్లు ఎక్కువైన చోట సూది బొక్కల్లోంచి కిందికి దిగి, తర్వాతి పేజీలో వరసగా మూడు నీలం చుక్కలు పడ్డాయి. ఇష్టం లేనివాళ్లు కట్టకు సరిగ్గా మధ్య వచ్చే పేజీల మీద తడి తక్కువ పెట్టుకోవాలి.

ఇక ఫిర్యాదులు. మైలుతుత్తం లై వల్ల మొదటి పేజీ లోపలి అంచున లేత నీలి మరక వచ్చింది. అది విషం కూడా. పిల్లలకు కుట్టించేవాళ్లు ఆ లై వద్దని, ఫెవికాల్ వాడమని ముందే చెప్పండి. చాచా నోట "రేపు" అన్న మాటను వారం అనుకోండి. అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది, మొదటి పుస్తకంలో నేను అంటించిన టికెట్లు, చీటీల వల్ల అట్ట మూతపడకుండా ఉబ్బింది. రెండోదానికి ఆ సంగతి చెప్తే, కట్టకూ కట్టకూ నడుమ అంగుళం వెడల్పు కాగితం పట్టీ పెట్టి కలిపి కుట్టాడు. ఆ పట్టీల మందం వల్ల వీపు దగ్గర చోటు మిగిలింది, ఇప్పుడు ఎన్ని అంటించినా అట్ట సమంగా కూర్చుంటోంది. మీరు చీటీలు, ఆకులు, గుడ్డముక్కలు అంటించే రకమైతే ఈ పట్టీలు మొదటే అడగండి.

చీటీల మాట వచ్చింది కాబట్టి. ఆర్టీసీ టికెట్టు, మా కాటా చీటీ రెండూ థర్మల్ కాగితమే. వేడి తగిలిన చోట నల్లబడేట్టు మందు పూసిన కాగితం అది, కొన్నాళ్లకు అక్షరాలు వెలిసిపోతాయి, కొన్ని జిగుర్లు తగిలితే ఇంకా తొందరగా. జిరాక్స్ తీసి ఆ కాపీ అంటించండి. ఆ నలుపు నీళ్ల రంగుకు చెదరదు.

రంగుల గురించి పెద్దగా చెప్పేదేం లేదు, నావి కేమెల్ కంపెనీ కేకులు, అంటే గట్టి రంగు బిళ్లలు. ఆ కంపెనీ 1931లో మొదలైంది ఇంకు పొడి, ఇంకు బిళ్లలతోనట. గుమాస్తాను కాబట్టి ఆ సంగతి నాకు నచ్చుతుంది. గీతలకు మిల్లు బాల్‌పెన్ను చాలు. దాని ఇంకు నూనెది, పైన రంగు పూసినా పాకదు. మామూలు జెల్ పెన్ను మీద తడి బ్రష్ పెడితే బొమ్మంతా నల్లనీళ్లు. ఎండాకాలం మాత్రం ఒక జాగ్రత్త కావాలి. 44 డిగ్రీల ఎండలో బ్రష్ కాగితం మీద నుంచి తీసేలోపే రంగు ఆరి అంచు గీతలా పడిపోతుంది. ముందు కాగితాన్ని మంచినీళ్లతో తడిపి, ఆ తడి మెరుపు ఉండగానే రంగు వదలాలి. సాగర్ ఎడమ కాలువ బొమ్మలో నీళ్లు నాకు అట్లాగే కుదిరాయి.

మొత్తమ్మీద కుట్టుకూలి నాకు రెండు వందలయింది, కాగితం ఖర్చు వేరే. రెడీమేడ్ జర్నల్ కన్నా చౌక అని చెప్పను, దాదాపు అంతే పడుతుంది. పెన్సిల్‌తో మాత్రమే వేసేవాళ్లు ఇంత తిప్పలు పడనక్కరలేదు, చాచా దగ్గర తయారుగా ఉండే గీతల్లేని తెల్ల రిజిస్టరు తీసుకుంటే సగం డబ్బుతో పోతుంది. నల్లగొండలోనో, దేవరకొండలోనో ఉన్నవాళ్లు ఇక్కడిదాకా రానవసరం లేదు. కోర్టు కాగితాలు, ఆఫీసు రిజిస్టర్లు కుట్టే షాపు మీ దగ్గరా ఉంటుంది. గుడ్డ పట్టీల మీద కుడతారా, నార వాటం చూస్తారా అని రెండే ప్రశ్నలు అడగండి. తలూపితే కాగితం ఇచ్చెయ్యండి. మార్చి నెలలో మాత్రం పోవద్దు. ఏప్రిల్ ఒకటికి మిల్లులన్నిటికీ కొత్త లెడ్జర్లు కావాలి, అప్పుడు చాచా మీ ముఖం కూడా చూడడు.