తవ్వి తీసేయాలా, కప్పి కాపాడాలా? మూతపడిన కర్మాగారపు వ్యర్థాల గుంటకు ఏది మేలు

దక్షిణ ఒడిశాలోని రాయగడ, గుణుపురం, జయపురం, కొరాపుట్ చుట్టుపక్కల చదునైన నేల దొరకడమే కష్టం. అందువల్ల పట్టణం పెరుగుతున్న కొద్దీ, ఒకప్పుడు ఎవరూ కన్నెత్తి చూడని మూతపడిన కర్మాగారాల ఆవరణల మీద కూడా కొనుగోలుదారుల చూపు పడుతుంది. రోడ్డు ఉంటుంది, కరెంటు స్తంభాలు ఉంటాయి, ప్రహరీ సగమైనా నిలిచి ఉంటుంది. వెనకవైపు, యాసిడ్ బురద, పాత నూనె, పీపాల అడుగున మిగిలిన మందులు ఏళ్ల తరబడి పారబోసిన గుంట కూడా చాలా చోట్ల ఉంటుంది. నాలుగు వానలు పడి గడ్డి మొలిచిందంటే ఆ గుంట ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో అక్కడ పనిచేసిన పాత కార్మికులు తప్ప మరొకరు చెప్పలేరు.

ఇటువంటి నేలను బాగుచేయడానికి ప్రధానంగా రెండు దారులున్నాయి. కలుషితమైన మట్టిని తవ్వి, అధికారికంగా ఏర్పాటు చేసిన ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి తరలించడం మొదటిది. మట్టిని అక్కడే ఉంచి, నీరు దిగకుండా కప్పి, ఆ భూమిని ఇకమీదట ఏయే పనులకు వాడకూడదో శాశ్వతంగా కట్టడి చేయడం రెండవది. ఖర్చు పట్టికలు ముందు పెట్టుకుంటే రెండవదే చౌకగా కనిపిస్తుంది. ఆ పట్టికలలో ఒక ముఖ్యమైన పద్దు ఉండదని, ఆ కట్టడిని యాభై ఏళ్ల తరువాత కూడా గుర్తుంచుకునే బాధ్యత ఖరీదే ఆ పద్దు అని నా అభిప్రాయం.

తవ్వి తీసేయడంలో ఉన్న సుగుణం కూడా సరిగ్గా ఇదే: పని సక్రమంగా జరిగితే, ఆ నేల గురించి తరువాతి తరం ఏదీ గుర్తుపెట్టుకోనవసరం లేదు. కానీ పరిమాణం పెరిగే కొద్దీ ఈ దారి ఎంత బరువెక్కుతుందో లెక్క వేసి చూడాలి. ఒక ఎకరం నేలను ఒక్క మీటరు లోతు తవ్వితే సుమారు 4,000 ఘనపు మీటర్ల మట్టి వస్తుంది. తూకంలో అది దాదాపు 6,900 టన్నులు. టిప్పరుకు 16 టన్నుల చొప్పున 430 ట్రిప్పులు, అవన్నీ ఘాట్ రోడ్ల మీదుగా. ఒడిశాలో ఇటువంటి వ్యర్థాలను పాతిపెట్టే ఉమ్మడి కేంద్రం జాజ్‌పూర్ జిల్లా కాంచిచువాన్‌లో ఉంది. రాయగడ నుంచి చూస్తే అది రాష్ట్రానికి ఆ కొస. విశాఖ దగ్గరి పరవాడ కేంద్రం దూరంలో దగ్గరే అయినా, 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల ప్రకారం, పారవేయడానికి పక్క రాష్ట్రానికి పంపాలంటే రెండు రాష్ట్రాల కాలుష్య నియంత్రణ మండళ్ల నుంచి నిరభ్యంతర పత్రం తీసుకోవాలి. ప్రతి లారీ వెంట ఏడు ప్రతుల రవాణా పత్రం నడవాలి. ఈ పత్రాలను విసుగుగా చూసేవారున్నారు గాని, బయలుదేరిన మట్టి దారిలో ఏ గెడ్డలోనో జారిపోకుండా చేరవలసిన చోటికే చేరిందని చెప్పగల సాక్ష్యం అదొక్కటే.

తరలింపు వల్ల మన ఊరికి కలిగే మేలు మరొక ఊరికి భారం అవుతుందన్న మాటను కూడా దాచకూడదు. భోపాల్ యూనియన్ కార్బైడ్ ఆవరణలో 1984 దుర్ఘటన తరువాత నాలుగు దశాబ్దాల పాటు పడి ఉన్న 337 టన్నుల వ్యర్థాలను 2025 జనవరిలో మధ్యప్రదేశ్‌లోనే ఉన్న పీథంపూర్‌కు తరలించినప్పుడు అక్కడి ప్రజలు వీధుల్లోకి వచ్చారు. వారి ఆందోళన న్యాయమైనదే. పైగా తరలించినది గోదాములో ఉన్న సరుకు మాత్రమే. ఆవరణలోని మట్టిలోకి, చుట్టుపక్కల బస్తీల భూగర్భ జలంలోకి ఇంకిన విషం అక్కడే ఉంది. లారీలు వెళ్లిపోవడంతో పని పూర్తయినట్టు భావించడం తరలింపులో అన్నిటికన్నా పెద్ద పొరపాటు. గుంట అడుగు నుంచీ గోడల నుంచీ మట్టి నమూనాలు తీసి పరీక్షించి, ఫలితాలు ప్రకటించిన తరువాతే దానిని మంచి మట్టితో పూడ్చాలి. తవ్వకాన్ని కార్తీకం దాటాక మొదలుపెట్టి తొలకరికి ముందే ముగించాలి. వానలో తెరిచి ఉన్న గుంట, మూసి ఉన్న గుంట కన్నా ప్రమాదం.

కప్పి కాపాడే పద్ధతిని నేను తేలికగా తీసిపారేయడం లేదు. వేల టన్నుల పరిమాణం ఉన్నచోట అది తప్ప గత్యంతరం ఉండదు. పద్ధతిగా వేసిన కప్పులో దిమ్మిస కొట్టిన బంకమట్టి పొర, దాని మీద మందమైన ప్లాస్టిక్ షీటు, నీరు పక్కకు జారిపోయే ఇసుక పొర, ఆపైన మట్టి, పొట్టి వేర్ల గడ్డి ఉంటాయి. చుట్టూ కాలువలు, దిగువన నీటి పరీక్ష కోసం బావులు ఉంటాయి. అయితే కప్పు పై నుంచి దిగే వాననీటిని ఆపుతుంది గాని, వర్షాకాలంలో పైకి లేచి అడుగు నుంచి గుంటను తాకే భూగర్భ జలాన్ని ఆపదు. కొండ వాలులో, వాగు పక్కన ఉన్న గుంటలకు ఈ తేడా ప్రాణప్రదం. రాయగడ, గుణుపురం వైపు వాగులు కలిసేది నాగావళిలోనో వంశధారలోనో. ఆ నీరే సరిహద్దు దాటి ఆంధ్రప్రదేశ్‌లోని తోటపల్లి, గొట్టా ఆయకట్టులకు చేరుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను గజపతి జిల్లా కొండవాలులను ఎలా కోసుకుపోయిందో చూసినవారికి, వాలులో వేసిన రెండడుగుల మట్టి పొర ఎంతకాలం నిలుస్తుందో వేరే చెప్పనక్కరలేదు.

కప్పును వాన కన్నా ముందు మనుషులే చెడగొడతారు. ఒకరు గ్రావెల్ కోసం తవ్వుతారు, ఒకరు బోరు దింపుతారు, పంచాయతీ మంచి ఉద్దేశంతోనే అక్కడ మొక్కలు నాటిస్తుంది, వాటి వేళ్లు షీటును చీలుస్తాయి. వీరిలో ఎవరూ దుర్మార్గులు కారు. వారికి తెలియదు, అంతే. అందుచేత ఈ పద్ధతికి ప్రాణం బంకమట్టిలో కన్నా భూమి కాగితంలోనే ఎక్కువగా ఉంది. అమెరికాలోని లవ్ కెనాల్ కథ దీనికి మరిచిపోలేని ఉదాహరణ. ఒక రసాయన సంస్థ సుమారు 21,000 టన్నుల వ్యర్థాలను పూడ్చిన భూమిని 1953లో స్థానిక పాఠశాలల బోర్డుకు ఒక్క డాలరుకు అమ్మింది. అడుగున రసాయనాలున్నాయని దస్తావేజులో రాసే ఉంది. అయినా అక్కడ బడి కట్టారు, పక్కన ఇళ్లు లేచాయి, 1978 నాటికి వందల కుటుంబాలు ఊరు విడవవలసి వచ్చింది. ఆ హెచ్చరిక అమ్మినవారిని కాపాడడానికి రాసినదే తప్ప, తవ్వేవాడి చేతిని ఆపగల అధికారం దానికి లేదు. తరువాత 1980లో విషభూముల శుద్ధి కోసం అక్కడ వచ్చిన సూపర్‌ఫండ్ చట్టానికి 1986లో చేసిన సవరణతో, విషం మిగిలి ఉన్న స్థలాలను అయిదేళ్లకొకసారి మళ్లీ పరిశీలించడం తప్పనిసరి అయింది.

మన దగ్గర ఆ కట్టడిని ఎక్కడ రాయాలి? ఒడిశా పట్టాలో భూమి కిసంతో (అంటే భూమి రకంతో) పాటు మంతబ్య, అంటే వ్యాఖ్యలు, అనే గడి ఉంటుంది. మహారాష్ట్రలోని బల్లార్‌పూర్, సిరొంచ ప్రాంతాల తెలుగువారికి తెలిసిన సాత్‌బారా అనే భూమి పత్రంలో ఇతర హక్కుల గడి ఉన్నట్టే ఇదీ. ఆంక్ష అక్కడ లేకపోతే, భూలేఖ్ అనే ఆన్‌లైన్ భూమి రికార్డులో చూసుకుని కొనేవాడికి అది లేనట్టే. కాగితం మీది ఆంక్ష పనిచేయదని నిరాశపడేవారికి మన జిల్లాలే సమాధానం చెబుతాయి. ఆదివాసీ భూమిని ఆదివాసేతరులకు బదలాయించడాన్ని అడ్డుకునే 1956 నాటి రెండవ రెగ్యులేషను గురించి రాయగడలో, కొరాపుట్‌లో తెలియని కుటుంబం లేదు. దానిని దాటేందుకు జరిగిన ప్రయత్నాలు చాలానే ఉన్నా, ఇన్ని దశాబ్దాలుగా ఆ ఆంక్ష జనం నోట నిలిచి ఉండడానికి కారణం అది సబ్ రిజిస్ట్రారు బల్ల దగ్గరే ఎదురుపడడం. విషభూమి ఆంక్షను కూడా అదే బల్ల దగ్గర నిలబెట్టాలి. కిసం మార్చి ఘరబారిగా, అంటే ఇళ్ల స్థలంగా, చేయమని దరఖాస్తు వస్తే తహసీల్దారు కంటికి అది కనబడాలి.

2025 జూలైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణకు ప్రత్యేక నియమాలను ప్రకటించింది. అనుమానిత స్థలాలను జిల్లా యంత్రాంగం, స్థానిక సంస్థలు గుర్తించాలని, కలుషితం చేసినవారి నుంచే ఖర్చు రాబట్టాలని అవి చెబుతున్నాయి. ఇది మంచి అడుగే. కానీ సంస్థ దివాలా తీసి, షెడ్లు తుక్కుకు అమ్ముడైపోయిన చోట రాబట్టడానికి ఏమి మిగులుతుంది? ప్రమాదకర వ్యర్థాలను పూడ్చిన చోట మూసివేత తరువాత 30 ఏళ్ల పర్యవేక్షణను మన మార్గదర్శకాలు కోరుతాయి. పాదరసం, సీసం వంటివి 30 ఏళ్లలో విరిగిపోయే పదార్థాలు కావు. ఆ పర్యవేక్షణకు కావలసిన సొమ్మును మొదటి రోజే బ్యాంకులో కట్టించకుండా కప్పడానికి అనుమతి ఇవ్వడం అంటే పదేళ్ల తరువాతి పంచాయతీ నెత్తిన అప్పు రాయడమే.

మట్టిని అక్కడే శుద్ధి చేసే మూడవ మార్గం అన్నిటికీ పనికిరాదు. నూనె మరకలను సూక్ష్మజీవులు తినగలవు. హెక్సావాలెంట్ క్రోమియంను ఫెర్రస్ సల్ఫేటు వంటివాటితో తక్కువ హానికరమైన రూపంలోకి మార్చవచ్చు. పాదరసానికి అటువంటి సౌలభ్యం లేదు. ఇక ముళ్లకంచె వేసి బోర్డు పెట్టి ఊరుకోవడాన్ని మార్గంగా లెక్కించడం నాకు ఇష్టం లేదు: కంచె ఇనుము రెండేళ్లు నిలవదు.

నన్ను తేల్చి చెప్పమంటే, గుంట చిన్నదై, లోతు తక్కువై, ఊరికి ఆనుకుని ఉంటే ఎంత ఖర్చయినా తవ్వి తీసేయమంటాను. అటువంటి నేల ఏనాటికైనా ఇళ్ల స్థలమే అవుతుంది గనుక, అక్కడ మనుషుల జ్ఞాపకశక్తి మీద పందెం కాయకూడదు. వాగు ఒడ్డున, భూగర్భ జలం పైపైనే ఉన్న చోట కూడా అదే మాట. గుంట విశాలమై, ఎత్తు నేల మీద, ఇళ్లకు దూరంగా ఉంటే, ఘాటుగా ఉన్న భాగాన్ని ముందు తొలగించి, మిగిలినదాన్ని కప్పడం మేలు. అప్పుడు గ్రామసభలో చదివి వినిపించి, పట్టా మంతబ్యలో ఒడియాలోను, స్థలం దగ్గర రాతి పలక మీద ఒడియా, తెలుగు, ఇక్కడి కోంధు ఆదివాసీల భాష కువి మాటల్లోను ఈ మాత్రమైనా రాయించాలి: "ఈ ప్లాటులో భూమి కింద విషపదార్థం ఉన్నది. అడుగు లోతుకు మించి తవ్వరాదు. బోరు గాని బావి గాని వేయరాదు. చెట్లు నాటరాదు. పశువులను మేపరాదు. ఇల్లు, బడి, అంగన్‌వాడీ కట్టరాదు. ఈ షరతు భూమి ఎన్ని చేతులు మారినా వర్తించును."