టోక్యోలో కిన్బాకు నేర్చుకోవాలంటే: ఏ చోటు, ఏ బస, ఏ గురువు

టోక్యోలో కిన్బాకు, అంటే మనిషిని తాళ్లతో కట్టే విద్య, నేర్పే క్లాసుకి డబ్బు కట్టే ముందు నిర్వాహకులకు ఒక్క ప్రశ్న పంపండి: "విప్పడం ఎన్నో క్లాసులో నేర్పుతారు?" మొదటి రోజే అని జవాబొస్తే బుక్ చేసుకోవచ్చు. "మీరు అంత తొందరపడొద్దు, ముందు కట్టడం రానివ్వండి" అంటే వదిలేయండి. గాల్లో వేలాడే మనిషి ఫొటోలు గోడ నిండా ఉన్నా సరే.

జపాన్ వాళ్లు కిన్బాకు అనీ, షిబారి అనీ పిలిచే ఈ విద్య పెద్దవాళ్లది. 18 ఏళ్లు నిండకుండా ఎక్కడా రానివ్వరు, కొన్ని బార్లలో 20 అడుగుతారు, పాస్‌పోర్టు దగ్గరుండాలి. ఇందులో నొప్పి ఉంటుంది. ఆ నొప్పి ఏ రకమో కట్టేవాళ్లకీ కట్టించుకునేవాళ్లకీ ఒకేలా అర్థం కావాలి. కింద రాసిన చోట్లనీ, బసల్నీ, క్లాసుల్నీ ఆ లెక్కతోనే తూచాం.

ముందు బస. తెలుగువాళ్లకి నిషికసాయ్ వైపు ఉంటే సుఖం. ఎదొగావా వార్డులోని ఈ పేటలో భారతీయ కుటుంబాలు చాలా ఉన్నాయి, పప్పు, బియ్యం దొరికే కొట్లున్నాయి. పైగా తోజాయ్ మెట్రో లైను మీద ఉంది కాబట్టి ఈ యాత్రలో చూడాల్సిన చోట్లన్నీ నేరుగానో, ఒక్క రైలు మారితేనో అందుతాయి. చిక్కల్లా రాత్రి తిరుగు ప్రయాణం. తాళ్ల కూటాలు పొద్దుపోయేదాకా సాగుతాయి, అర్ధరాత్రి దాటాక రైళ్లుండవు, టాక్సీ ఖర్చు క్లాసు ఫీజుని మించిపోవచ్చు. సాయంత్రం క్లాసులే ఎక్కువ పెట్టుకున్నవాళ్లు ఉఎనో దగ్గరో, షింజుకు దగ్గరో బిజినెస్ హోటల్ తీసుకోవడం మేలు. గది చిన్నది, గోడలు పలచన. అయినా సాధన చేసేది మీ తొడ మీదో, దిండు మీదో కాబట్టి అది చాలు.

ర్యోకాన్ అనే పాతపద్ధతి జపాన్ సత్రంలో దిగేవాళ్లకి ఒక హెచ్చరిక. తతామి చాపలు పరిచిన గది, తలుపుల పైన అడ్డంగా పోయే చెక్క కమ్మీ చూడగానే దానికి తాడు వేయబుద్ధవుతుంది. దాన్ని కమోయ్ అంటారు. జారుడు తలుపులు కదలడానికి పెట్టిన గాడి చెక్క అది, మనిషి బరువు మోయదు. కర్టెన్ రాడ్లూ, బాత్రూం కడ్డీలూ అంతే. జంటలు ఏకాంతం కోసం దిగే లవ్ హోటళ్లలో కొన్నిటికి కట్టడానికి పనికొచ్చే సరంజామాతో గదులుంటాయి. కొద్ది గంటలకైతే "రెస్ట్", రాత్రంతా అయితే "స్టే" అని రెండు ధరలు బోర్డు మీదే రాస్తారు. అక్కడ గోడకి కొక్కెం ఉంది కదా అని వేలాడదీయకండి. అది ఎంత బరువుకి బిగించారో, ఎన్నాళ్ల క్రితం చూశారో చెప్పేవాళ్లు ఆ గదిలో ఉండరు.

ఇక చోట్లు. తాడు చేతబట్టే ముందు ఒక పగలు పాతకాలానికి ఇవ్వండి. తోజాయ్ లైనులో కయాబచో దాకా వెళ్లి, హిబియా లైను మారితే రెండో స్టేషన్ కొదెన్మాచో. అక్కడి జిష్షి పార్కు ఇప్పుడు పిల్లలాడుకునే చిన్న తోట. షోగన్లు ఏలిన ఎదో కాలంలో ఈ ప్రాంతమే తెన్మాచో చెరసాల, 1875 దాకా నడిచింది. షోగన్ల పాలనని ఎదిరించిన పండితుడు యోషిదా షోయిన్‌ని 1859లో చంపింది ఇక్కడే, ఆయన స్మారక శిల ఉంది. ఆనాటి విచారణలో చిత్రహింసలు నాలుగు రకాలు: కొరడా దెబ్బలు, ఒళ్లో రాళ్లు పేర్చడం, రొయ్యలా ముందుకి వంచి కట్టడం, వేలాడదీయడం. చివరి రెండు పేర్లు, ఎబి, త్సురి, నేటి కిన్బాకులో కట్ల పేర్లుగా మిగిలాయి. రొయ్య కట్టు ఒంట్లో ఏం చేస్తుందో తెలిసే ఆ రోజుల్లో దాన్ని శిక్షగా వాడారు. నడుము వంగి, ఛాతీ నొక్కుకుపోయి, ఊపిరి పొట్టిదవుతుంది. మొదట తేలిగ్గానే ఉంటుంది, నిమిషాలు గడిచేకొద్దీ భరించలేనిదవుతుంది. క్లాసులో ఎబి కడుతున్నప్పుడు గడియారం చూడని గురువుని నమ్మకండి.

అక్కణ్ణుంచి ఒచనోమిజులోని మేజీ యూనివర్సిటీ మ్యూజియం. నేర, దండన విభాగంలో ఎదో పోలీసుల పట్టుడు సామాన్లు, చిత్రహింస పరికరాలు, గిలోటిన్ నమూనా ఉన్నాయి. గంటన్నర సరిపోతుంది. దొంగల్ని పట్టి కట్టే హోజోజుత్సు విద్యలో తాడు పని తప్పించుకోనివ్వకపోవడం. కిన్బాకు తాడు పని వేరు, కట్టించుకున్న మనిషి మళ్లీ తన కాళ్ల మీద తను నడిచి ఇంటికి పోవాలి. చూపుకి రెండూ ఒకలాగే కనిపిస్తాయి కాబట్టే కొత్తవాళ్లు పాత బొమ్మలు చూసి మెడ చుట్టూ తాడు వేస్తారు. మెడ మీద బరువు పడే ఏ కట్టూ నేర్చుకోవద్దు, నేర్పుతామన్నా వద్దు.

ఆగస్టులో వెళ్తే యనకాలోని జెన్షోఆన్ గుడి వదలకండి. కథకుడు సాన్యుతెయ్ ఎంచో పోగుచేసిన దెయ్యాల చిత్రాలు ఆ నెలంతా చూపిస్తారు. ఇతో సెయ్యు (1882–1961) గీసిన బొమ్మ కూడా ఆ గుడిలో ఉంది. ఈ విద్యకి ఆధునిక రూపం ఇచ్చినవాడిగా చెప్పుకునేది ఈ చిత్రకారుణ్ణే. మిగతా నెలల్లో పేరు కోసం అంత దూరం పోనక్కర్లేదు.

ఇదాబాషి దగ్గరి ఫూజోకు షిర్యోకాన్ మాత్రం ఏ నెలైనా వెళ్లదగ్గది. 1984లో మొదలైన, ఈ రకం శృంగార సాహిత్యపు ప్రైవేటు గ్రంథాలయం, 1947లో పుట్టిన కితాన్ క్లబ్ లాంటి పత్రికల పాత సంచికలు ఉన్నాయి. సభ్యులకోసం నడిచేది, ఒక్క రోజు చూపుకీ అవకాశం ఉంటుంది. పనివేళలు ముందే కనుక్కుని వెళ్లండి, ఫొటోలు తీయొద్దు. జపనీస్ రాకపోయినా పర్వాలేదు, దశాబ్దాల వెంట తాడు ఒంటి మీద ఎక్కడ కూర్చుందో బొమ్మల్లో చూస్తే చాలు.

తాడు కొనుగోలు. జపాన్‌లో దీన్ని అసానవా అంటారు. అసా అంటే నార మొక్క, అంతే. గంజాయి నార, జనపనార అన్నిటికీ అదే మాట. మన దగ్గరా ఇంతేగా: జనుము వేరు మొక్క, జనపనార అని మనం అనేది జూట్, ఉత్తరాంధ్రలో గోగునారనీ అందులోనే కలిపేస్తారు. షాపులో అసానవా పేరుతో అమ్మేది చాలావరకు జూటే. కావాల్సింది మూడు పేటలు వదులుగా పురి పెట్టిన 6 మిల్లీమీటర్ల తాడు, ఒక్కోటి 7 నుంచి 8 మీటర్లు. క్లాసుకి మూడు చాలు, ఆరు కొంటే హాయి. గట్టిగా మెలిపెట్టిన తాడు వంచితే చువ్వలా నిలబడుతుంది, ముడి దగ్గర ఒంట్లోకి గుచ్చుకుంటుంది. వద్దు. నైలాన్ జారుతుంది, వేగంగా లాగితే చర్మం కాలుతుంది.

కొత్త తాడుకి నూగు ఉంటుంది. మంట మీద ఆగకుండా లాగుతూ కాల్చి, గుడ్డతో తుడిచి, అరచేతిలో మూడు నాలుగు చుక్కల కామెలియా నూనె రాసుకుని తాడంతా ఆ చేతిలోంచి ఒకసారి లాగాలి. నూనె ఎక్కువైతే ముడి పట్టు తప్పుతుంది. హోటల్ గదిలో మాత్రం కాల్చకండి, పొగ అలారం మోగుతుంది. కాల్చి నూనె పెట్టిన తాళ్లే దొరుకుతాయి, ధర ఎక్కువైనా ప్రయాణంలో ఉన్నవాళ్లకి అవే నయం. వానలు కురిసే జూన్, జూలైలలో సంచిలో మూసి ఉంచితే బూజు పడుతుంది. కొనే ముందు ఒక మూర పట్టుకుని పురి విప్పి చూడండి. లోపలి పేట నల్లబడి ఉంటే వదిలేయండి.

కొసలు గుండ్రంగా ఉండే సేఫ్టీ కత్తెర ఒకటి కొనుక్కోండి. విమానంలో అది చెక్-ఇన్ సామానులోనే.

ఇప్పుడు క్లాసుల సంగతి. టోక్యోలో మూడు దారులు. బార్లో చూసి, అడిగితే పది నిమిషాలు కట్టించుకోవడం మొదటిది. జంటలంతా ఒక గదిలో సాధన చేసే నవాకై రెండోది. ఒక గురువు దగ్గర విడిగా రెండు గంటల పాఠం మూడోది. బార్ చౌక, సరదా, కానీ మందు వాసన వస్తున్న చేతికి మీ చేతులివ్వకండి. షింజుకు వీధుల్లో చెయ్యి పట్టి పిలిచే దళారుల వెంట ఏ షోకీ పోవద్దు. నవాకై బాగుంటుంది, జంట లేకపోతే చాలాచోట్ల రానివ్వరు. డబ్బు ఒక్కదానికే పెట్టగలిగితే విడి పాఠానికే పెట్టమంటాం. భాష రాకపోతే దుబాసీ ఖర్చు కూడా అందులో వేసుకోండి, ఇక్కడ సగం చదువు మాటల్లోనే ఉంది.

మంచి పాఠంలో మొదటి అరగంట తాడు బయటికే రాదు. భుజం ఎప్పుడైనా జారిందా, మధుమేహం ఉందా, రక్తం పలచబరిచే మందులు వేసుకుంటున్నారా, చేతులు వెనక్కి ఎంత పోతాయి, ఎక్కడ ముట్టుకోవచ్చు, ఎక్కడ వద్దు అని అడుగుతారు. తర్వాత నేర్పేది ఒంటి మణికట్టు కట్టు. తాడుని సగానికి మడిచి, మడతతో మొదలుపెట్టి మణికట్టు చుట్టూ రెండు చుట్లు వేస్తే నాలుగు వరసలు పక్కపక్కన పడతాయి, రెండున్నర సెంటీమీటర్ల వెడల్పు పట్టీ తయారవుతుంది. వరసలు ఒకదాని మీద ఒకటి ఎక్కితే అంత బరువూ ఒక్క గీత మీద పడుతుంది. కింద చూపుడువేలు దూరేంత జాగా ఉంచి, లాగినా బిగుసుకోని ముడి వేయాలి. జారుముడి పడిందో, కట్టించుకున్నవాళ్లు కదిలిన కొద్దీ ఉచ్చులా బిగుస్తుంది. గురువు ఇక్కడ మీ కట్టుని పట్టి గట్టిగా లాగి చూపించాలి. లాగి చూపించని క్లాసు ముడి వేయడం నేర్పిందే గానీ కట్టడం నేర్పలేదు.

మొదటి రోజే తకతేకోతే నేర్పుతాం అన్నవాళ్లు చాలామంది తగులుతారు. చేతులు వీపు వెనక మడిచి, రెండు ముంజేతులు కలిపి కట్టి, పైన ఒక పట్టీ, కింద ఒక పట్టీ ఛాతీనీ దండచేతుల్నీ కలిపి చుట్టే కట్టు అది. చంకల కింద నుంచి కన్నుకి అనే బిగింపులు కింది పట్టీని పైకి పాకకుండా ఆపుతాయి. చూడ్డానికి అందం, దండచేతికి మాత్రం గండం. ఎముక వెనక నుంచి తిరిగి వచ్చే రేడియల్ నరం దండచేయి బయటివైపు చర్మానికి దగ్గరగా వస్తుంది. పట్టీ సరిగ్గా అక్కడ కూర్చుంటే మణికట్టు వేలాడిపోతుంది. బస్సులో సీటు కడ్డీ మీద చేయి వేసి నిద్రపోయి లేచినవాళ్లలో కొందరికి చెయ్యి పైకి లేవదు చూడండి, అదే నరం. వారాల్లో తేరుకోవచ్చు, నెలలూ పట్టవచ్చు. నరం దారి మనిషి మనిషికీ కాస్త మారుతుంది కాబట్టి "ఇన్ని వేళ్ల కింద కడితే భయం లేదు" అన్న కొలత అందరికీ పనికిరాదు.

పరీక్ష సులువు. కట్టేవాళ్లు తమ వేళ్లని కట్టించుకున్నవాళ్ల అరచేతి వెనక ఆనించి "వెనక్కి తోయి" అనాలి. బొటనవేలు ఎత్తమనాలి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం మీద గీసి తెలుస్తోందా అని అడగాలి, తర్వాత చిటికెనవేలి కొస. ఇదంతా పదిహేను సెకన్ల పని, కట్టు పూర్తయ్యాక ఒకసారి, తర్వాత రెండు మూడు నిమిషాలకోసారి. చేయంతా నెమ్మదిగా తిమ్మిరెక్కి రంగు మారితే రక్తం సంగతి, కొద్దిసేపటి వ్యవధి ఉంటుంది. ఒక్క వేలు మొద్దుబారినా, కరెంటు కొట్టినట్టు జివ్వుమన్నా, తోపులో బలం తగ్గినా నరం సంగతి. అప్పుడు వ్యవధి లేదు. ముడి విప్పుతూ కూర్చోకుండా కత్తెర. తాడు ఖరీదని ఆలోచించే గురువు దగ్గర ఇంకో గంట ఉండకండి.

నొప్పిని ఈ విద్యలో వేరువేరుగా వాడుకున్నవాళ్లున్నారు. యుకిమురా హారుకి (1948–2016) నేల మీదే, తక్కువ తాడుతో, నెమ్మదిగా కట్టేవాడు, దాన్ని లాలన తాడు అనేవారు. నురెకి చిముఓ (1930–2013) దగ్గర నేర్చుకున్న నాకా అకిరా పేరు సేమెనవాకి, అంటే బాధపెట్టే తాడుకి, ముడిపడింది. ఆ బాధ కండ సాగినప్పటిది, ఒత్తిడిది, అలసటది. ఊపిరితో పాటు పెరుగుతుంది, వదిలిస్తే తగ్గుతుంది. కీలు మెలిపడే నొప్పీ, నరం నొప్పీ ఏ పద్ధతిలోనూ కోరుకునేవి కావు. కొత్తగా వెళ్లేవాళ్లు రెండు పద్ధతులూ చూడండి, నేర్చుకోవడం మాత్రం నేల మీది దానితో మొదలుపెట్టండి. వేలాడే కట్టు మొదటి యాత్రలో వద్దు. నేల మీద సరిపోయిన పట్టీ గాల్లోకి లేచాక వేరే చోటికి జరుగుతుంది, విప్పే ముందు మనిషిని కిందికి దించాలి, ఆ సమయం చేతిలో ఉండదు.

మాటల్లో కూడా ఒక మెలిక ఉంది. "ఇతాయ్" అంటే నొప్పిగా ఉంది. తాళ్లలో ఉన్నవాళ్లు అది అలవాటుగా అంటూనే ఉంటారు, గురువు ఆగకపోవచ్చు. "షిబిరేతా" అంటే మొద్దుబారింది, అది వినగానే ఆగాలి. "హొదోయ్తె" అంటే విప్పండి. ఈ మూడూ పాఠానికి ముందే గురువు ఎదుట పలికి, ఏది అంటే ఏం చేస్తారో అడగండి. "నన్ను నమ్మండి, మాటలెందుకు" అని నవ్వేసేవాళ్ల దగ్గర లేచి రావచ్చు, అడ్వాన్సు పోయినా. మంచి గురువులైతే పాఠం మధ్యలో కావాలనే ఒకసారి "విప్పండి" అనమని, ఎన్ని సెకన్లలో విప్పారో లెక్కపెట్టి చూపిస్తారు.

కట్టించుకునేవాళ్లకి కూడా పాఠం చెప్పే చోటుకి మేం ఎక్కువ మార్కులేస్తాం. వేళ్లు ఎలా కదిలించి చూసుకోవాలి, ఎప్పుడు చెప్పాలి అన్నది వాళ్లకి రాకపోతే ఎదుటివాళ్ల నైపుణ్యం సగమే. "గురువు బాధపడతాడేమో" అని ఊరుకున్నవాళ్లకే దెబ్బలు ఎక్కువ తగులుతాయి. మొహమాటం మనకి కొత్త కాదు, జపాన్‌లో అది ఇంకాస్త పెరుగుతుంది.

మర్నాడు ఉదయం తాడు గీతలు మాసిపోయాక చేతులు ఇంకోసారి పరీక్షించుకోండి. మణికట్టు లేవకపోయినా, బొటనవేలి వెనక మొద్దుబారి ఉన్నా ఆ యాత్రకి తాడు అయిపోయినట్టే, న్యూరాలజిస్టుని కలవాలి. టోక్యోలో ఆసుపత్రికి వెళ్లాలా వద్దా అని తేలకపోతే 7119 ముందు హ్యాష్ కొట్టి అడగవచ్చు, అంబులెన్సుకి 119. ఇలాంటి దెబ్బ మీ ప్రయాణ బీమాలో వస్తుందో లేదో బయల్దేరే ముందే పాలసీ చదువుకోండి. డాక్టరు దగ్గర "తలుపులో పడింది" అని చెప్పొద్దు. ఎక్కడ, ఎంతసేపు, ఏ వెడల్పు పట్టీతో నొక్కుకుందో చెబితేనే ఏ నరమో ఆయనకి త్వరగా తెలుస్తుంది.