మాదాపూర్ అద్దెల్లో మన వాటా: కొత్త మదుపరులకు రీట్ యూనిట్లు ఎంతవరకు నప్పుతాయి?

కొత్తగా ఉద్యోగంలో చేరినవారు డబ్బు ఎక్కడ పెట్టాలని ఇంట్లో అడిగితే ఎక్కడో ఒకచోట రెండు వందల గజాలు కొని పడెయ్యమంటారు. అదే మాట ఆఫీసులో అడిగితే సిప్, అంటే నెలనెలా కొంత మ్యూచువల్ ఫండ్‌లో వేయడం, మొదలుపెట్టమంటారు. మ్యూచువల్ ఫండ్‌కూ స్థలానికీ నడుమ నిలిచే పెట్టుబడి ఒకటి 2019 నుంచి మన స్టాక్ ఎక్స్ఛేంజీల్లో దొరుకుతున్నా, తెలుగు ఇళ్లలో దాని ప్రస్తావన అరుదు. అదే రీట్, అంటే రియల్ ఎస్టేట్ ఇన్వెస్ట్‌మెంట్ ట్రస్ట్: అద్దెకిచ్చిన పెద్ద భవనాలను తన కింద ఉంచుకుని, వచ్చే అద్దెను యూనిట్లు అనే వాటాలు కొన్నవారికి పంచే సంస్థ. కొన్నేళ్లుగా ఈ యూనిట్లు కొని ఉంచుకుంటూ, వాటి వార్షిక నివేదికలు చదువుతూ వచ్చినవాడిగా నా అంచనాను ముందే చెబుతాను. అద్దె కోసం రెండో ఫ్లాటు కొనాలనుకునే కొత్తవారికి ఆ ఫ్లాటు కన్నా ఇదే మేలు. పెట్టిన సొమ్ము పదేళ్లలో నాలుగింతలు కావాలని ఆశించేవారికి మాత్రం నిరాశ తప్పదు.

హైదరాబాద్‌వాసులకు దీన్ని వివరించడం తేలిక. రాయదుర్గం మెట్రో దిగి మాదాపూర్ వైపు నడిస్తే కనిపించే మైండ్‌స్పేస్ ప్రాంగణంలోని భవనాలు మైండ్‌స్పేస్ బిజినెస్ పార్క్స్ రీట్ ఆస్తుల్లో పెద్ద భాగం. కె. రహేజా కార్ప్ సంస్థ స్పాన్సర్‌గా (అంటే రీట్‌ను నెలకొల్పిన సంస్థగా) ఉన్న ఈ రీట్ 2020 జూలై చివర్లో, కోవిడ్ ఉద్ధృతంగా ఉన్న రోజుల్లోనే, యూనిట్ 275 రూపాయల చొప్పున ఇష్యూకు వచ్చింది. ఆఫీసులన్నీ ఖాళీగా ఉన్న సమయంలో ఆఫీసు అద్దెల మీద నడిచే ట్రస్టు యూనిట్లకు అడిగినవారు ఉన్నవాటికి ఎన్నో రెట్లు ఉండటం అప్పట్లో చాలామందిని ఆశ్చర్యపరిచింది. ఆ ఆఫర్ పత్రంలో నన్ను ఆకట్టుకున్న విషయం మరొకటి ఉంది: మాదాపూర్ భవనాల యాజమాన్య కంపెనీల్లో రీట్ వాటా 89 శాతమే, మిగిలిన 11 శాతం ప్రభుత్వ పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థది. ఐటీ పార్కు కోసం అప్పటి ప్రభుత్వం భూమి ఇచ్చినప్పుడు కుదిరిన ఉమ్మడి భాగస్వామ్యం ఇంకా అలాగే కొనసాగుతోందన్నమాట.

ఇదొక్కటే కాదు. మొట్టమొదట 2019 ఏప్రిల్‌లో లిస్టయిన ఎంబసీ ఆఫీస్ పార్క్స్‌కు బెంగళూరు కేంద్రం. 2021లో బ్రూక్‌ఫీల్డ్, 2023లో షాపింగ్ మాల్స్‌తో నెక్సస్ సెలెక్ట్ ట్రస్ట్, 2025లో నాలెడ్జ్ రియల్టీ ట్రస్ట్ వచ్చాయి. కూకట్‌పల్లిలో ఒకప్పుడు ఫోరం సుజనాగా అందరికీ తెలిసిన మాల్ ఇప్పుడు నెక్సస్ ఖాతాలోనే ఉంది. హైదరాబాద్‌లోని సత్వా నాలెడ్జ్ సిటీ నాలెడ్జ్ రియల్టీ ఆస్తుల్లో ఒకటి. ఆదివారం మనం ఆ మాల్‌లో ఖర్చుపెట్టే డబ్బులో కొంత దుకాణదారు కట్టే అద్దెగా మారి యూనిట్‌దారులకు చేరుతుంది.

ఈ పెట్టుబడిని నమ్మడానికి నాకున్న ప్రధాన కారణం స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2014లో తెచ్చిన నిబంధనలు. రీట్ ఆస్తుల విలువలో కనీసం 80 శాతం పూర్తయి, ఆదాయం ఇస్తున్న భవనాలే అయి ఉండాలి. కాబట్టి పునాదులు కూడా తీయని వెంచర్‌ను రంగుల బ్రోచర్‌లో చూపించి డబ్బు వసూలు చేసే అవకాశం ఇక్కడ ఉండదు. పంచడానికి వీలైన నికర నగదులో 90 శాతాన్ని తప్పనిసరిగా పంచాలి. అప్పులు ఆస్తుల విలువలో 49 శాతం దాటకూడదు. స్వతంత్ర మదింపుదారు ఏటా ఆస్తుల విలువ కట్టి నివేదిక ఇవ్వాలి, దాన్ని ఎవరైనా చదువుకోవచ్చు. మొదట్లో లక్ష, రెండు లక్షలు ఉంటే తప్ప సామాన్యుడికి ప్రవేశం ఉండేది కాదు; 2021లో సెబీ ఆ పరిమితి తగ్గించాక ఒక్క యూనిట్ కూడా కొనవచ్చు. షేర్లు దాచుకునే డీమ్యాట్ ఖాతా ఉంటే చాలు, షేరు కొన్నట్టే కొనడం, షేరు అమ్మినట్టే అమ్మడం.

ఇక చేతికి వచ్చే డబ్బు సంగతి. ఈ రీట్‌లు సాధారణంగా మూడు నెలలకోసారి పంపిణీ ప్రకటిస్తాయి. బ్యాంకు నుంచి వచ్చే ఎస్సెమ్మెస్‌లో ఒక అంకె మాత్రమే కనిపిస్తుంది, ఒక్కోసారి ఒకే పంపిణీ రెండు మూడు ముక్కలుగానూ జమ అవుతుంది. అసలు విషయం ఆ తర్వాత మెయిల్‌లో వచ్చే వివరణ పత్రంలో ఉంటుంది. యూనిట్‌కు ఐదు రూపాయలు వచ్చాయనుకుందాం. అందులో కొంత వడ్డీ, కొంత డివిడెండ్, కొంత అప్పు తిరిగి చెల్లింపు (భవనాల యాజమాన్య కంపెనీలకు రీట్ ఇచ్చిన అప్పు వెనక్కి రావడం) అని విడివిడిగా రాసి ఉంటుంది. బ్యాంకు డిపాజిట్‌కు అలవాటుపడిన కొత్తవారు సరిగ్గా ఈ కాగితం దగ్గరే తికమకపడతారు, రీట్ యాజమాన్యాలు కూడా దీన్ని అర్థమయ్యే భాషలో చెప్పడానికి పెద్దగా శ్రమించవు. సేవ విషయంలో నా మొదటి ఫిర్యాదు ఇదే.

ఎందుకంటే పన్ను మొత్తం ఈ విభజన మీదే ఆధారపడి ఉంటుంది. వడ్డీ భాగం మన ఆదాయంలో కలిసి శ్లాబు ప్రకారం పన్ను పడుతుంది, దేశంలో నివసించేవారికి దాని మీద 10 శాతం టీడీఎస్ ముందే కోస్తారు. డివిడెండ్ భాగానికి పన్ను పడటం, పడకపోవడం భవనం యాజమాన్య కంపెనీ ఎంచుకున్న పన్ను విధానాన్ని బట్టి ఉంటుంది: అది తక్కువ రేటు విధానంలోకి మారి ఉంటే మనకు పన్ను, మారకపోతే మినహాయింపు. అప్పు తిరిగి చెల్లింపుగా వచ్చిన మొత్తానికి సాధారణంగా వెంటనే పన్ను ఉండదు కానీ, 2023 ఆర్థిక చట్టంతో వచ్చిన మార్పు ప్రకారం దాన్ని మన కొనుగోలు ధరలోంచి తగ్గించి లెక్కిస్తారు. అంటే అమ్మేనాటికి లాభం ఆ మేరకు పెరిగి కనిపిస్తుంది. మైండ్‌స్పేస్ పంపిణీల్లో తొలి ఏళ్లలో అధిక భాగం పన్ను లేని డివిడెండే కావడంతో 30 శాతం శ్లాబులో ఉన్నవారికి అది బాగా కలిసొచ్చింది. రెండు రీట్‌లు ఒకే రాబడి చూపించినా చివరికి చేతిలో మిగిలేది ఒకటి కాకపోవచ్చు. రాబడి శాతాన్ని మాత్రమే చూపించే యాప్ ఈ తేడా చెప్పదు.

యూనిట్ అమ్మితే వచ్చే లాభానికి లెక్క సులువు. ఏడాది దాటి ఉంచుకుంటే దీర్ఘకాలిక లాభంగా 12.5 శాతం, అదీ షేర్లతో కలిపి ఏడాదికి లక్షా పాతిక వేలు దాటిన మొత్తం మీదే. ఏడాదిలోపు అమ్మితే 20 శాతం. 2024 జూలై వరకు రీట్‌కు దీర్ఘకాలమంటే మూడేళ్లు. ఆ బడ్జెట్ తెచ్చిన మార్పుల్లో యూనిట్‌దారులకు మేలు చేసినది ఇది.

ధర విషయంలో కొత్తవారు తప్పక తెలుసుకోవాల్సినది ఎంబసీ చరిత్ర. 2019లో 300 రూపాయలకు ఇచ్చిన యూనిట్ 2020 ఆరంభానికి 500 దగ్గరికి వెళ్లింది, 2023లో మళ్లీ 300 చుట్టుపక్కలకు దిగివచ్చింది. భవనాలు ఎక్కడికీ పోలేదు, అద్దెలూ ఆగలేదు, మరి ధర ఎందుకు పడింది? 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి మధ్య రిజర్వు బ్యాంకు రెపో రేటును (బ్యాంకులకు తానిచ్చే అప్పు మీది వడ్డీని) 4 శాతం నుంచి 6.5 శాతానికి పెంచింది. డిపాజిట్టే ఏడు శాతం ఇస్తున్నప్పుడు ఆరు శాతం అద్దె రాబడి కోసం ఎవరూ ఎక్కువ ధర పెట్టరు. దానికి తోడు సెజ్‌లలో, అంటే ప్రత్యేక ఆర్థిక మండళ్లలో, కొత్తగా మొదలయ్యే సంస్థలకు ఆదాయపు పన్ను రాయితీ 2020 మార్చితో ముగిసింది. ఇంటి నుంచి పని కూడా తోడై సెజ్ భవనాలు ఖాళీ అవుతూ వచ్చాయి. సెజ్ హోదాను అంతస్తులవారీగా వదులుకోవచ్చని కేంద్రం 2023 డిసెంబరులో అనుమతించాకే ఆ ఖాళీలను మామూలు అద్దెదారులతో నింపడానికి దారి దొరికింది. ఒక పెద్ద ప్రమోటర్ తన యూనిట్లను విడతలుగా అమ్ముకుంటూ పోవడం కూడా ధరను నొక్కిపెట్టింది. ఆ నాలుగేళ్లూ పంపిణీలు వస్తూనే ఉన్నా, 500 దగ్గర కొన్నవారి బాధను అవి పెద్దగా తీర్చలేదు. స్థలానికి రోజూ ధర పలికే తెర ఉండదు గనుక దాని ధర పడినా మన కంటపడదు, ఇక్కడ ప్రతి సాయంత్రం పడుతుంది. ఆ తెరను చూసి నిద్ర పాడుచేసుకునేవారికి నేను దీన్ని సూచించను.

స్థలంతో పోలిక ఎలాగూ తప్పదు. హైదరాబాద్‌లో కోటి రూపాయల ఫ్లాటుకు నెలకు పాతిక నుంచి ముప్పై వేల అద్దె వస్తే బాగానే వచ్చినట్టు. నిర్వహణ, ఆస్తి పన్ను, ఖాళీగా ఉన్న నెలలు తీసేస్తే అది మూడు శాతానికి కాస్త అటూ ఇటూ. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులు కలిపి తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ సుమారు ఏడున్నర శాతం, అంటే దాదాపు రెండున్నరేళ్ల అద్దె మొదటి రోజే పోతుంది. ఖాళీ ప్లాటుకైతే అద్దె ఉండదు సరికదా, ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం) తీయించడం, లింకు డాక్యుమెంట్లు చూపించుకోవడం, ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ), కబ్జా కాకుండా ప్రహరీ కట్టించుకోవడం అన్నీ మన పనులే. నాకు తెలిసిన ఒక కుటుంబం రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) కింద నమోదు నంబరు లేని ప్రీ లాంచ్ పథకంలో డబ్బు కట్టి, ఆ బిల్డర్ ఆఫీసు చుట్టూ ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. రెరా చట్టం పరిధిలోకి వచ్చే ప్రాజెక్టును నమోదుకు ముందే అమ్మడం చట్టవిరుద్ధమని వారికి అప్పుడు చెప్పినవారు లేరు. ఇవన్నీ రీట్ వైపు మొగ్గేలా చేసినా, ఒక విషయంలో స్థలానిదే పైచేయి అని ఒప్పుకోవాలి. కోకాపేట వైపు తొలినాళ్లలో గజాలు కొన్నవారికి వచ్చిన పెరుగుదల పూర్తయి అద్దెకిచ్చిన భవనానికి రాదు. అభివృద్ధికి ముందటి లాభం ప్రమోటర్ జేబులోకి వెళ్లాకే భవనం రీట్‌లోకి వస్తుంది.

అదే నా రెండో ఫిర్యాదుకూ మూలం. స్పాన్సర్ సంస్థ తాను కట్టిన భవనాన్ని తన రీట్‌కే అమ్ముతుంది. కొనేదీ అమ్మేదీ ఒకే గూటివాళ్లైనప్పుడు ధర సరైనదేనా అన్న అనుమానం సహజం. పెద్ద లావాదేవీకి యూనిట్‌దారుల ఆమోదం కావాలని, ఆ ఓటింగులో సంబంధిత పక్షాలు పాల్గొనరాదని నిబంధనలున్నా, ఆ ఈ-ఓటింగ్ మెయిల్‌ను తెరిచి చూసే చిన్న మదుపరులు ఎందరుంటారు? కొనుగోళ్ల కోసం కొత్త యూనిట్లు జారీ చేసినప్పుడు యూనిట్‌కు వచ్చే పంపిణీ పెరిగిందా తగ్గిందా అన్న ఒక్క అంకె చూసినా చాలు. మొత్తం ఆదాయం పెరిగిందని గొప్పగా చెప్పే ప్రకటన ఆ అంకెను కింది వరుసలో పెడుతుంది.

కొత్తవారు దీన్ని ఎప్పుడు కొనాలన్నది అసలు ప్రశ్న. ఆరు నెలల ఖర్చుకు సరిపడా డబ్బు బ్యాంకులో, కుటుంబం తన మీద ఆధారపడి ఉంటే టర్మ్ ఇన్సూరెన్స్, ఆ తర్వాత యాభై పెద్ద కంపెనీల సూచీని అనుసరించే నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్ డైరెక్ట్ ప్లాన్‌లో (ఏజెంటు కమిషన్ లేనిది) నెలనెలా సిప్. ఇవి కుదిరాకే రీట్ గురించి ఆలోచించాలని నా అభిప్రాయం. ఇండెక్స్ ఫండ్ ముందెందుకంటే, అది ఒకే రంగం మీద ఆధారపడదు, ఖర్చు చాలా తక్కువ, ఏళ్ల తరబడి సంపద పెంచే పని దానిది. అదీ పడుతుంది: 2020 జనవరిలో 12 వేలు దాటిన నిఫ్టీ మార్చి 24 నాటికి 7,500 సమీపానికి జారింది. సిప్ ఆపకుండా అలాంటి పతనాన్ని ఒకసారి చూసినవారు రీట్ ధరల కదలికకు బెదరరు. మొత్తం పెట్టుబడిలో పది, పదిహేను శాతం మించి రీట్‌లో పెట్టాల్సిన అవసరం ఉద్యోగం తొలి ఏళ్లలో ఎవరికీ ఉండదు. పదవీ విరమణకు దగ్గరైన తల్లిదండ్రులకైతే, మూడు నెలలకోసారి వచ్చే పంపిణీ దృష్ట్యా ఇంకొంచెం ఎక్కువే నప్పవచ్చు. హైదరాబాద్ ఐటీలో పనిచేసేవారికి ఒక హెచ్చరిక కూడా చెప్పాలి: జీతం ఐటీ నుంచి, సొంత ఫ్లాటు ఐటీ కారిడార్‌లో, యూనిట్లు కూడా ఐటీ ఆఫీసులవే అయితే, ఆ రంగానికి జలుబు చేసిన రోజు మూడూ కలిసి తుమ్ముతాయి. అలాంటివారికి మాల్స్ ఉన్న నెక్సస్ వంటిది కొంత మేలు.

పది లక్షల కనీస పెట్టుబడితో 2024లో సెబీ అనుమతించిన చిన్న, మధ్యతరహా రీట్‌లు వేరే వర్గం. ఒకటి రెండు భవనాల మీదే నడిచే వాటి జోలికి కొత్తవారు వెళ్లకపోవడమే మంచిది. విదేశాల్లోని తెలుగువారు భారత రీట్ యూనిట్లు కొనవచ్చు, వడ్డీ భాగంపై వారికి టీడీఎస్ 5 శాతమే. ప్రవాసులు వ్యవసాయ భూమి కొనడానికి విదేశీ మారక చట్టం ఫెమా అనుమతించదు, ప్లాటు కొంటే పవర్ ఆఫ్ అటార్నీ ఎవరికివ్వాలన్న తలనొప్పి. ఆ లెక్కన యూనిట్ వారికి సుఖమే. అయితే అమెరికాలో పన్ను కట్టేవారికి ఇవి విదేశీ పెట్టుబడి సంస్థలకు వర్తించే అక్కడి పీఎఫ్ఐసీ పన్ను నిబంధనల కిందికి వచ్చే అవకాశం ఎక్కువ. ఆ ఫారాలు నింపించడానికి అకౌంటెంటుకు ఇచ్చే ఫీజే ఒక్కోసారి చిన్న మదుపరి ఏడాది పంపిణీని మింగేయగలదు, కాబట్టి వారు ముందు ఆ ఫీజు కనుక్కుని తర్వాతే ఆర్డర్ పెట్టాలి.