ఎనిమిది వందల యాభై రూపాయల మల్టీమీటరూ, మా కారు మొరాయింపులూ: ఏడేళ్ల వాడకం తర్వాత

2017లో సంక్రాంతి అయిపోయాక వోల్టులూ, ఆంపియర్లూ కొలిచే ఒక మామూలు డిజిటల్ మల్టీమీటర్ కొన్నాను, రూ. 850. పసుపు రంగు డొప్ప, నల్ల తీగ ఒకటి, ఎర్ర తీగ ఒకటి, మధ్యలో తిప్పే గుండ్రటి మీట. బొమ్మలా ఉందని మా ఆవిడ నవ్వింది. అప్పటికి మా పెట్రోలు కారు నెలలో రెండుసార్లు పొద్దున్నే సెల్ఫ్ కొట్టనని మొండికేస్తోంది. ఉండేది విజయవాడలో, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పార్కింగ్. తోసి స్టార్ట్ చేద్దామంటే ర్యాంపు ఎక్కించడానికి నలుగురు కావాలి, ఆరింటికి వాచ్‌మన్ తప్ప ఎవరూ దొరకరు.

ముందు నా తెలివితక్కువతనం చెప్పాలి, ఈ మీటర్ మంచిచెడ్డలు అక్కడే ఉన్నాయి.

కొన్న వారానికే కారు మళ్లీ ఆగింది. కీ తిప్పితే "టక్" అని ఒక్క శబ్దం, అంతే. బ్యాటరీ మీద మీటర్ పెడితే 12.48 వోల్టులు. నిండుగా ఉన్న బ్యాటరీ 12.6 పైన చూపించాలి, 12.2 అంటే సగం, 12కి దిగితే అడుగంటినట్టే, ఇదంతా అప్పటికే కంఠస్థం చేసి ఉన్నాను. ఆ లెక్కన నాది ముప్పావు వంతు ఉన్నట్టు. బ్యాటరీ భేషుగ్గా ఉంది, పోయింది ఇంజిన్‌ని తిప్పే సెల్ఫ్ మోటారేనని తీర్మానించేశాను. మోటార్ విప్పించి, లోపల అరిగే కార్బన్ బ్రష్‌లు మార్పించి, రూ. 1,400 వదిలించుకున్నాను. నాలుగో రోజు మళ్లీ "టక్".

ఆటోనగర్‌లో ఒక పెద్ద వయసు ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకెళ్లి, బ్యాటరీ బాగానే ఉంది మేస్త్రీ గారూ, కొలిచాను అన్నాను. ఆయన నా చేతిలో మీటర్ వంక చూసి, "కొలిచావు సరే బాబూ, పని చేయించి కొలిచావా?" అన్నాడు. నన్ను కీ తిప్పమని తను మీటర్ పట్టుకున్నాడు. 12.48 కాస్తా ఒక్కసారిగా 7కి పడిపోయింది. సెల్ఫ్ తిరిగేటప్పుడు బ్యాటరీ 9.6 కంటే కిందికి జారకూడదు. నాలుగున్నరేళ్ల బ్యాటరీ, లోపల ఒక సెల్ పోయింది. బరువు మోయనంతసేపూ వోల్టేజి బాగానే చూపిస్తుంది, వంద ఆంపియర్లు లాగగానే కూలబడుతుంది. మా ఊరి ఎండలకు బ్యాటరీలు ఎలాగూ ఎక్కువ కాలం బతకవు.

కాబట్టి ఈ మీటర్ కొనేవాళ్లు ఒక మనిషిని కూడా ఏర్పాటు చేసుకోవాలి. కీ తిప్పడానికొకరు, అంకె చూడటానికొకరు. మా ఇంట్లో ఆ పని మా ఆవిడది. "ఏమండీ, తిప్పనా?" అని అడిగి, నేను ఊఁ అనకముందే తిప్పేస్తుంది. అదృష్టం కొద్దీ మా మీటర్‌లో అంకెను పట్టి ఉంచే బటన్ ఒకటుంది. కానీ సెల్ఫ్ తిరిగే ఆ రెండు క్షణాల్లో అట్టడుగుకు ఎంత దిగిందో దానంతటదే గుర్తుపెట్టుకునే సదుపాయం లేదు. అలాంటిది ఉన్న మీటర్ దొరికితే ఇంకో ఐదొందలు ఎక్కువైనా అదే తీసుకోండి.

రెండో గొడవ 2020లో, వానల్లో. ఈసారి నేను కొంచెం ముదిరాను. మళ్లీ అదే "టక్", ఒక్కోసారి మూలుగుతూ సగం చుట్టు తిరిగి ఆగడం. కీ తిప్పించి బ్యాటరీ మీద కొలిస్తే 11.5 దగ్గర నిలబడింది. అదే అసలు ఆధారం. సెల్ఫ్ తిరగడానికి తంటాలు పడుతుంటే బ్యాటరీ అంత తీరిగ్గా ఉందంటే, కరెంటు దారిలోనే ఎక్కడో ఆగిపోతోందన్న మాట. ఒక తీగ బ్యాటరీ నెగెటివ్ మీద, రెండోది ఇంజిన్ ఇనుము మీద ఆనించి మళ్లీ తిప్పించాను. అక్కడ 0.2 వోల్టు దాటకూడదు. 4.1 చూపించింది! సెల్ఫ్‌కి అందాల్సిన దాంట్లో మూడో వంతు పైగా ఎర్త్ దారిలోనే, అంటే కరెంటు ఇంజిన్ నుంచి బ్యాటరీకి తిరిగొచ్చే దారిలోనే తగలబడుతోంది. ఇంజిన్‌కీ బాడీకీ మధ్య ఉండే అల్లిక పట్టీ పచ్చగా చిలుం పట్టి, నాలుగు పోగుల మీద వేలాడుతోంది. కొత్త పట్టీ రూ. 180, బోల్టు కింద గరుకు కాగితంతో రుద్దడం నా చాకిరీ. దానికి ముందు పక్కవీధి మెకానిక్ "కొత్త సెల్ఫ్ వేయాల్సిందే" అని రూ. 6,500 చెప్పాడు. మీటర్ ఖరీదు ఆ ఒక్క పొద్దునే వచ్చేసింది.

ఇక్కడ ఒక ఎర ఉంది, నేనూ మింగాను. మీటర్‌లో "బీప్" మోడ్ ఉంటుంది కదా, తీగ తెగిందా లేదా చూసేది. ముందు దాంతోనే ఆ పట్టీని పరీక్షించాను, హాయిగా బీప్‌మంది. ఒక్క పోగు మిగిలినా బీప్‌మంటుంది. కానీ ఒక్క పోగు మీద నూట యాభై ఆంపియర్లు పోవు. లావు కేబుళ్ల దగ్గర ఆ బీప్‌ని నమ్మకండి.

మరో ఏడాది అసలు శబ్దమే లేదు. డ్యాష్‌బోర్డు లైట్లు దేదీప్యమానంగా వెలుగుతున్నాయి, కీ తిప్పితే నిశ్శబ్దం. ఇలాంటప్పుడు సెల్ఫ్ మీదకి వచ్చే సన్నటి తీగ, 50 నంబరు టెర్మినల్, దాని దగ్గర కీ తిప్పినప్పుడు 12 వోల్టులు వస్తున్నాయా చూడాలి. రాలేదు. అంటే తప్పు మోటార్‌లో లేదు, అంతకు ముందున్న రిలే, ఫ్యూజు, కీ స్విచ్, క్లచ్ స్విచ్‌లలో ఎక్కడో ఉంది. గంటన్నర వెతికాను. చివరికి తేలిందేమిటంటే, ముందు రోజు వేయించిన మందపాటి మ్యాట్ క్లచ్ పెడల్ కింద మడత పడి, పెడల్ స్విచ్ దాకా దిగట్లేదు, అది నొక్కుకుంటే తప్ప సెల్ఫ్ తిరగదు. మ్యాట్ లాగి పారేస్తే బండి స్టార్ట్. ఈ సంగతి ఇంట్లో ఇప్పటికీ చెప్పలేదు.

బండి ఊరికే నిలబెట్టినా బ్యాటరీ దిగిపోయే జబ్బుకీ ఇది పనికొచ్చింది, కాకపోతే జాగ్రత్త. నెగెటివ్ వైరు విప్పి, దానికీ బ్యాటరీకీ మధ్య మీటర్‌ని 10 ఆంపియర్ల రంధ్రంలో పెట్టి, తలుపులు మూసి అరగంట ఆగాలి. లోపలి ఎలక్ట్రానిక్స్ నిద్రపోయాక 50 మిల్లీ ఆంపియర్లలోపు ఉండాలి. మా కారుకి 310 వచ్చింది. ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ పోతే స్టీరియో ఫ్యూజు దగ్గర పడిపోయింది. బయట షాపులో పెట్టించిన సెట్, వైరు తప్పుగా కలిపారు. రోజుకి ఏడు ఆంపియర్ అవర్లు పైనే తాగుతుంటే, మా 45 ఆంపియర్ అవర్ల బ్యాటరీ వారం ఎలా నిలుస్తుంది? అయితే ఆ ఆనందంలో మీటర్ మధ్యలో ఉండగానే మా వాడు కీ తిప్పాడు. లోపలి ఫ్యూజు టప్‌మంది. సరైన పింగాణీ ఫ్యూజు కోసం ఏలూరు రోడ్డంతా తిరిగాను. గాజు ఫ్యూజో, రాగి తీగో చుట్టేసి సరిపెట్టుకుందాం అనుకోకండి, అది చేతిలో పేలే వ్యవహారం. ఆంపియర్లు కొలిచాక ఎర్ర తీగని వెంటనే వోల్టుల రంధ్రంలోకి మార్చడం మరిచిపోతే కూడా అంతే, ఈసారి బ్యాటరీ మీద పెట్టగానే నేరుగా షార్ట్.

సెల్ఫ్ చక్కగా తిరుగుతూ ఇంజిన్ మాత్రం అందుకోకపోతే ఈ మీటర్ పెద్దగా చేసేదేమీ లేదు. పెట్రోలు పంపు ఫ్యూజు బాగుందో లేదో చెబుతుంది, ప్రెషర్ ఎంతో చెప్పదు. అలాంటప్పుడు నేను కీ ఆన్ చేసి వెనక సీటు కింద పంపు గుయ్‌మంటోందా అని చెవి పెట్టి వింటాను, డ్యాష్‌బోర్డులో తాళంచెవి గుర్తు (కీని కారు గుర్తుపట్టలేదని చెప్పేది) మెరుస్తోందా చూస్తాను. మిగతాది కారు కంప్యూటర్‌లోని తప్పుల్ని చదివే స్కానర్ ఉన్నవాళ్లకి వదిలేస్తాను.

వస్తువు సంగతికొస్తే, డొప్ప రెండుసార్లు కింద పడ్డా చెక్కుచెదరలేదు. తీగలే నాసిరకం, మూడో ఏడాదికి మొన దగ్గర విరిగాయి, రూ. 200 పెట్టి మెత్తటి సిలికాన్ తీగలు, మొసలి నోటి క్లిప్పులు కొన్నాను. లోపలి 9 వోల్టుల సెల్ దిగిపోతే అంకెలు ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. ఒకసారి బ్యాటరీని ఛార్జ్ చేసే డైనమో 15.9 వోల్టులు ఇస్తోందని హడలిపోయాను, సెల్ మారిస్తే 14.2. మూలన బ్యాటరీ గుర్తు కనబడితే ఆ రోజు ఏ లెక్కా నమ్మకండి. సెల్లార్ చీకట్లో తెర కనబడదు, వెనక లైటు లేదు, ఫోను నోట్లో పట్టుకుని చూస్తాను. ఇప్పుడు కొంటే డీసీ కరెంటు (బ్యాటరీ ఇచ్చేది) కొలిచే క్లాంప్ మీటర్, అంటే వైరు చుట్టూ పట్టకారులా పట్టించి కొలిచేది కొంటాను, వైరు విప్పే పనే ఉండదు. కొనేటప్పుడు డబ్బా మీద డీసీ ఆంపియర్లు అని ఉందో లేదో చూసుకోండి. చవకవాటిలో చాలావరకు ఏసీ, అంటే ఇంట్లో వచ్చే కరెంటు మాత్రమే కొలుస్తాయి, కారుకి దండగ.