మసాయి మారా, సెరెంగెటి సఫారీ సంచి: ఏళ్ల తరబడి వాడాక నిలిచినవి, తీసేసినవి

సఫారీకి ఏం సర్దుకోవాలని అడిగేవాళ్లు ఎక్కువగా బట్టల దగ్గర మొదలుపెడతారు. కెన్యా, టాంజానియాల విషయంలో ముందు తేల్చుకోవాల్సింది బరువు. నైరోబీలోని విల్సన్ విమానాశ్రయం నుంచి మసాయి మారా అభయారణ్యానికి ఎగిరే చిన్న విమానాల్లో మామూలుగా మనిషికి 15 కిలోలే ఇస్తారు. చేతిసంచి, కెమెరా కూడా ఆ లెక్కలోకే వస్తాయి. సెస్నా కారవాన్ లాంటి విమానంలో సామాను పొట్ట కిందున్న ఇరుకు అరలోకి తోస్తారు. చక్రాలు, గట్టి అంచులు ఉన్న సూట్‌కేసు అందులో సరిగా పట్టదు. పైగా అది ఖాళీగా ఉన్నప్పుడే 3 కిలోల దాకా తూగుతుంది.

నేను వాడేది చక్రాల్లేని నైలాన్ డఫెల్ సంచి. పొడవు 60 సెంటీమీటర్లు, ఖాళీ బరువు 1.1 కిలోలు. అడుగు భాగానికి నీళ్లు పట్టని పూత ఉండాలి, ఎందుకంటే విమానం దిగేది మట్టి నేల మీద. ఇన్నేళ్లలో గుడ్డ ఎక్కడా చిరగలేదు, ఇబ్బంది పెట్టింది జిప్పు ఒక్కటే. సన్నటి దుమ్ము పళ్లలో చేరి రన్నరు బిగుసుకుంటుంది. బలంగా లాగితే రన్నరు వదులై పళ్లు కలవడం మానేస్తాయి. పాత టూత్‌బ్రష్‌తో దులిపి కొవ్వొత్తి ముక్కతో రుద్దితే మళ్లీ నడుస్తుంది. నూనె మాత్రం వేయకూడదు, దుమ్మును పట్టుకుని ముద్ద చేస్తుంది.

15 కిలోల్లో నా పంపకం ఇలా ఉంటుంది: సంచి 1.1, చలికోటుతో కలిపి బట్టలు 4.5, కెమెరా, లెన్సు 4, బైనాక్యులర్ 0.8, చార్జర్లు 0.8, మందులు, సబ్బు వగైరా 1.2, తిండి 1.5. మొత్తం 13.9. మిగిలిన కిలో తిరుగు ప్రయాణానికి వదిలేయాలి. బూట్లు కాళ్లకే ఉండాలి, వాటికి సంచిలో చోటు లేదు. రోజంతా జీపులోనే గడుస్తుంది కాబట్టి కొండలెక్కే బరువైన బూట్లు అక్కర్లేదు. పట్టున్న మామూలు నడక బూట్లు ఒక జత, గుడారం దగ్గరికి చెప్పులు చాలు.

మనవాళ్లు తక్కువగా అంచనా వేసేది చలిని. ఆఫ్రికా అంటే ఎండ అనుకుని పల్చటి చొక్కాలతో దిగుతారు. జూలై, ఆగస్టుల్లో మారాలో తెల్లవారుజామున ఉష్ణోగ్రత 10, 12 డిగ్రీల దగ్గర ఉంటుంది. జీపు బయలుదేరేది ఆరింటికి, పైకప్పు తెరిచి. ఆ వేగానికి గాలి ఎముకల్లోకి దిగుతుంది. టాంజానియాలోని గోరోంగోరో అగ్నిపర్వత బిలం అంచు సుమారు 2,300 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ చలి ఇంకా ఎక్కువ. ఒకే మందపాటి స్వెట్టరు వల్ల లాభం లేదు, ఉదయం పది గంటలు దాటాక దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చోవాల్సిందే. పొడుగు చేతుల చొక్కా, దానిమీద పల్చటి ఫ్లీస్ (నూగులాంటి వెచ్చటి గుడ్డ) కోటు, ఆపైన గాలి చొరని విండ్‌చీటర్ ఉంటే ఎండ ఎక్కేకొద్దీ ఒక్కొక్కటే విప్పుకోవచ్చు. మంకీ క్యాప్ తప్పక పెట్టండి. పగటికి వేరే టోపీ కావాలి, దానికి గడ్డం కింద తాడు ఉండాలి. తాడు లేని టోపీ పైకప్పులోంచి ఎగిరిపోతే పార్కులో దిగి తెచ్చుకునే వీలుండదు.

ఆరేడు రోజులకు మూడు చొక్కాలు, రెండు ప్యాంట్లు సరిపోతాయి. క్యాంపుల్లో బట్టలు ఉతికిస్తారు, అయితే చాలాచోట్ల లోదుస్తులు తీసుకోరు. అవి మన చేత్తోనే ఉతుక్కోవాలి, అందుకే త్వరగా ఆరే రకం కొనాలి. ఏప్రిల్, మే వానల్లో కాటన్ ప్యాంటు రెండు రోజులకు గానీ ఆరదు. నైలాన్ కలిసినది రాత్రికి రాత్రే ఆరుతుంది. జీన్స్ వద్దే వద్దు. బరువు ఒక కారణం. అసలు కారణం రంగు. రక్తం పీల్చే సెట్సీ ఈగలు ముదురు నీలం, నలుపు రంగులకు వస్తాయి, వాటిని పట్టే ఉచ్చులను కూడా ఆ రెండు రంగుల గుడ్డతోనే కడతారు. టాంజానియాలోని టారంగీరే పార్కులో, సెరెంగెటి అడవి వైపున ఇవి బాగా ఉంటాయి. పల్చటి గుడ్డ మీంచి కూడా కుడతాయి, దోమల క్రీములకు పెద్దగా లొంగవు. ఖాకీ, బూడిద, ఆలివ్ రంగులు మంచివి. తెలుపు ఒక్క పూటకే మట్టిరంగుకు తిరుగుతుంది. మిలిటరీ మచ్చల బట్టలు కొన్ని ఆఫ్రికా దేశాల్లో పౌరులకు నిషేధం, వాటిని ఇంట్లోనే వదిలేయండి.

ఈ సామానంతటిలో ధరకు మించి పనిచేసేది మన చేనేత తువ్వాలు. పల్చటిది, రెండు గజాలది. ముక్కుకు చుట్టుకుంటే దుమ్ము ఆగుతుంది, తడిపి మెడకు వేసుకుంటే మధ్యాహ్నం హాయిగా ఉంటుంది, జీపు కదిలేటప్పుడు కెమెరా మీద కప్పవచ్చు, గంటలో ఆరుతుంది. కెన్యాలోని అంబోసెలీ పార్కులో ఎండిన సరస్సు నేల మీద లేచే క్షార దుమ్ముకు ఇంతకంటే మంచి అడ్డు నేను చూడలేదు. రెండు పెట్టుకోండి.

బైనాక్యులర్ మనిషికొకటి ఉండాలి. ఇద్దరికి ఒకటైతే చిరుత చెట్టు దిగే ఆ పది క్షణాలు ఒకరికి పోతాయి. నా ఓటు 8×42కే, అంటే 8 రెట్లు పెంచి చూపేది, ముందు అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లు. 10 రెట్లది చేతి వణుకును కూడా అంతే పెంచుతుంది, కనబడే మేర తగ్గుతుంది. 42ను 8తో భాగిస్తే 5.25 మిల్లీమీటర్లు, కంటికి అందే కాంతి వలయం అది. జేబులో పట్టే 8×25కి ఇది 3.1 మాత్రమే. అందుకే తెల్లవారుజామున పొదల నీడలో ఉన్న జంతువు దాంట్లో మసకగా కనిపిస్తుంది. బరువు తగ్గాలంటే 8×32 దాకా దిగవచ్చు, అంతకంటే కిందికి వద్దు. కళ్లద్దాలున్నవాళ్లు ఐ రిలీఫ్ (కంటికీ బైనాక్యులర్ అద్దానికీ మధ్య ఉండగల దూరం) 16 మిల్లీమీటర్లకు తక్కువైనది కొనకూడదు. ఇంకో జాగ్రత్త: డీట్ ఉన్న దోమల మందు ప్లాస్టిక్‌ను, కొన్ని రబ్బర్లను కరిగిస్తుంది. అది రాసుకున్న చేత్తో పట్టుకుంటే కంటి కప్పులు కొన్నాళ్లకు జిగటగా మారతాయి. పికారిడిన్ ఉన్నదానితో ఈ బాధ లేదు.

కెమెరాకు 100–400 మిల్లీమీటర్ల జూమ్ లెన్సు ఒకటి చాలు. జీపులో లెన్సు మార్చడమంటే సెన్సర్ మీదికి దుమ్మును పిలవడమే. దగ్గరి దృశ్యాలను ఫోనుతో తీసుకోవచ్చు. లెన్సు మీద దుమ్మును ముందు రబ్బరు బ్లోయర్‌తో ఊదాలి, ఆ తర్వాతే గుడ్డతో తుడవాలి. ముందే తుడిస్తే ఇసుక రేణువులు పూతను గీస్తాయి. ట్రైపాడ్ జీపులో నిలవదు. దాని బదులు లెన్సు ఆనించుకునే చిన్న గుడ్డ సంచి, బీన్ బ్యాగ్, ఖాళీగా తీసుకెళ్లి, నైరోబీలో రెండు కిలోల బియ్యం కొని నింపండి. మారాకు విమానంలో వెళ్తుంటే క్యాంపు వంటగదినే బియ్యం అడగండి, తూకం కలిసొస్తుంది. నిండుగా కుక్కితే బంతిలా దొర్లుతుంది. అయిదింట నాలుగు వంతులు నింపితే లెన్సు కిందికి ఒదిగి కూర్చుంటుంది. పైకప్పు లేచే జీపుకు మామూలు సంచి సరిపోతుంది. పక్కలు తెరిచిన క్యాంపు జీపులో గుండ్రటి కడ్డీ మీద అది జారుతుంది, రెండు వైపులా వేలాడే రకమే నిలుస్తుంది. ఏదైనా సరే, ఇంజన్ ఆపమని డ్రైవరును అడగాలి. ఆ వణుకు ఉన్నంతసేపూ ఫొటోలో పదును రాదు. బయలుదేరేటప్పుడు బియ్యాన్ని క్యాంపు వంటగదికే ఇచ్చేయవచ్చు.

కెన్యా ప్లగ్గులు బ్రిటిష్ తరహావి, మూడు చదునైన పిన్నులు. మన గుండ్రటి పిన్నులు అందులో దూరవు. నాలుగు అడాప్టర్లు కొనకుండా ఒక అడాప్టరు, మన చిన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు పెట్టుకుంటే అన్నీ ఒకేసారి చార్జవుతాయి. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు సుమారు 74 వాట్ అవర్లు, విమానాల 100 పరిమితికి లోపే. దాన్ని చేతిసంచిలోనే పెట్టాలి. ఎలక్ట్రిక్ కెటిల్, చిన్న రైస్ కుక్కర్ తీసుకెళ్లకండి. చాలా క్యాంపులు సోలార్ మీద నడుస్తాయి, ఇలాంటివి పెడితే ఇన్వర్టర్ ఆగిపోయి పక్క గుడారాలకూ కరెంటు పోవచ్చు.

తిండిలో పచ్చళ్ల కంటే పొడులు మేలు. ఎత్తుకు పోయేకొద్దీ విమానంలో గాలి ఒత్తిడి తగ్గి పచ్చడి సీసా మూత దగ్గర నూనె కారుతుంది. కందిపొడి, కరివేపాకు పొడి చెరో పావుకిలో తీసుకుంటే వారం గడుస్తుంది. చపాతీ కెన్యాలో ఎక్కడైనా దొరుకుతుంది. గుడారంలో మాత్రం తినేవేవీ ఉంచకండి, బబూన్లు జిప్పు తీయడం నేర్చాయి. ప్లాస్టిక్ క్యారీ బ్యాగులను కెన్యా 2017 ఆగస్టు 28 నుంచి, టాంజానియా 2019 జూన్ 1 నుంచి నిషేధించాయి. డ్యూటీ ఫ్రీ కవరు కూడా అందులోకే వస్తుంది. కాబట్టి బట్టలకు గుడ్డ సంచులు, నీళ్లకు లీటరు స్టీలు సీసా.

మలేరియా మాత్రలు డాక్టరును అడిగే తీసుకోవాలి. రెండు రకాలను పోల్చి చెబుతాను: అటోవాక్వోన్–ప్రొగ్వానిల్ వెళ్లడానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, తిరిగొచ్చాక 7 రోజులు వేసుకోవాలి. డాక్సీసైక్లిన్ చవక, కానీ తిరిగొచ్చాక 28 రోజులు. పైగా అది చర్మాన్ని ఎండకు సున్నితం చేస్తుంది, రోజంతా పైకప్పు తెరిచిన జీపులో ఉండేవాళ్లకు అది పెద్ద లోపం.

ఎల్లో ఫీవర్ టీకా కార్డును పాస్‌పోర్టుతోనే కాగితం రూపంలో ఉంచండి. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) ఈ టీకా వేస్తారు. వేయించుకున్న పది రోజుల తర్వాతే అది చెల్లుతుంది, ఆపైన జీవితాంతం పనికొస్తుంది. దాన్ని అడిగేది ఎక్కువగా తిరుగు ప్రయాణంలో, మన విమానాశ్రయంలోనే. కార్డు లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచవచ్చు.